కన్సెట్టమ్మ చూపు

మా అల్లుడు హేమచంద్ర ఇల్లు వెతకడం మొదలుపెట్టిన రోజునే నా దగ్గరా, మా అమ్మాయి శేషుకుమారి దగ్గరా ఒక మాట తీసుకున్నాడు. ఏ పేటలో చూస్తున్నామో తెనాలికి ఫోన్ చేసినప్పుడు చెప్పకూడదు. ఇక్కడి తెలుగువాళ్ళు అడిగినా చెప్పకూడదు. "మెల్‌బోర్న్‌లోనేనండీ, కాస్త పడమటివైపు" అని ఊరుకోవాలి. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఈ ఊళ్ళ పేర్లు నాకెలాగూ నోరు తిరగవు. నావల్ల ఆ గుట్టు బయటపడే ప్రమాదం లేదులే అనుకున్నాను.

ఆ పేట పేరు సెయింట్ ఆల్బన్స్. అప్పటికే మేం అక్కడ అద్దెకుంటున్నాం. మనవరాలు రుచిత పుట్టినప్పుడు పురిటికని వెళ్ళినదాన్ని, ఆ పిల్ల బడికి వెళ్ళే వయసొచ్చినా అక్కడే ఉండిపోయాను. శేషు ఒక ఫ్యాక్టరీలో బిస్కెట్ల ప్యాకింగుకి వెళ్ళేది. ఎమ్మెస్సీ చదివిన పిల్ల. ఆ సంగతీ తెనాలికి చెప్పకూడదన్న వాటిలో ఒకటి. పేటకేమీ లోటు లేదు. రైలు గేటు పడితే మాత్రం వీధి వీధంతా ఆగిపోయేది. స్టేషను దగ్గర వియత్నాంవాళ్ళ కూరల కొట్లలో కొత్తిమీర, కరివేపాకు, లేత వంకాయలు, చివరికి బూడిద గుమ్మడికాయ కూడా దొరికేది. పొద్దున్నే మనుషులు టిఫిను డబ్బాలు పట్టుకుని షిఫ్టులకి పోతుంటే నాకు మా ఊరి మిల్లు గుర్తొచ్చేది. కానీ ఊరికి అటుచివర, తూర్పున, ఇటుక ఇళ్ళలో ఉండే మనవాళ్ళు ఆ పేరు వింటే చాలు, పెదవి ఒక పక్కకి లాగేవారు. అల్లుడికి ఆ పెదవి లాగడమంటే భయం.

ఆయన పని కంప్యూటర్ల మీద. రెండువేల సంవత్సరం రాగానే అవన్నీ తేదీ మరిచిపోయి పిచ్చెత్తినట్టు చేస్తాయట. అలా కాకుండా ముందే సరిచేసే పని. మంచి జీతమే. కానీ డిసెంబరు దాటితే ఆ పని ఉంటుందో ఊడుతుందో ఎవరికీ తెలియదు. ఉద్యోగం చేతిలో ఉన్నంతవరకే బ్యాంకువాళ్ళు అప్పిస్తారు. "ఇప్పుడు కొనకపోతే ఇక కొనలేమండీ అత్తయ్యగారూ" అనేవాడు. అన్నం ముందు కూర్చుని కూడా అదే మాట.

అక్కడ ఇళ్ళు వేలంపాటలో అమ్ముతారు. శనివారం పూట ఇంటిముందు రోడ్డుమీద కోటు వేసుకున్న మనిషి నిలబడి అరుస్తుంటాడు. మా అల్లుడు చెయ్యెత్తేవాడు. ఇంకెవరో ఎత్తేవారు. కాసేపటికి మావాడి చెయ్యి దిగిపోయేది. ఊరికే చూడ్డానికి వచ్చిన వీధివాళ్ళు పాపం అన్నట్టు మావైపు చూసేవారు. ఆ చిన్నతనం ఇంటికొచ్చేదాకా కారులో మా పక్కనే కూర్చునేది.

ఇక కన్సెట్టమ్మ సంగతి చెప్పాలి.

రుచితని బడికి దింపే దారిలో పక్కపక్కనే అచ్చు ఒకేలాంటి రెండు చెక్క ఇళ్ళు ఉండేవి. ఒకదాని గుమ్మం పక్కన మేరీమాత బొమ్మ, పెరట్లో ఆలివ్ చెట్టు. అదే కన్సెట్టా ఇల్లు. నేను కన్సెట్టమ్మ అనేదాన్ని. నాకంటే పదేళ్ళు పెద్ద. మాల్టా అని సముద్రం మధ్యలో చిన్న దీవి ఉందట, పెళ్ళయిన కొత్తలో అక్కణ్ణించి ఓడెక్కి వచ్చింది. ఆయన పోయి చాలాకాలమైంది. పక్కిల్లు ఆవిడ చెల్లెలిది. ఆ చెల్లెలూ అంతకుముందు చలికాలంలో పోయింది. పిల్లలు లేరు కాబట్టి ఇల్లు ఈవిడకే వచ్చింది. ఆవిడ వంటింటి కిటికీ సరిగ్గా ఆ ఖాళీ ఇంటికి ఎదురుగా ఉండేది. నేను ఎప్పుడు ఆ దారిన వెళ్ళినా ఆ కిటికీలో నిలబడి అటే చూస్తూ కనిపించేది. కాఫీ తాగుతూ చూసేది, గిన్నెలు తోముకుంటూ చూసేది. నన్ను చూసిందంటే చేతిలో పని వదిలి బయటికొచ్చేది.

ఆవిడకి తెలుగు రాదు, నాకు ఇంగ్లీషు రాదు. ఆవిడ ఇంగ్లీషు కూడా అంతంతమాత్రమేనని శేషు చెప్పింది. అయినా మా మాటలకి అడ్డేమీ ఉండేది కాదు. ఆవిడ చిక్కుడుకాయలు కోసిచ్చేది, నేను వాటిలోనే కాస్త కొబ్బరేసి వండి పట్టుకెళ్ళేదాన్ని. ఒకసారి గోంగూర పచ్చడి పట్టుకెళితే చెంచాడు నోట్లో వేసుకుని కళ్ళనీళ్ళు పెట్టుకుని, పంపు దగ్గరికి పరిగెత్తి, మళ్ళీ వచ్చి ఇంకో చెంచా తింది. అలాంటి మనిషి.

ఆ ఇల్లు ఏజెంటుకిచ్చి వేలం వేయించమని బ్రిస్బేన్‌లో ఉన్న కొడుకు ఒకటే పోరు. ఆవిడ ఒప్పుకోలేదు. ఒకరోజు సాయంత్రం శేషు నాతో వచ్చినప్పుడు దాని చెయ్యి పట్టుకుని అడిగింది. శేషు నాకు తెలుగులో చెప్పింది.

"అమ్మా, ఈ ఇల్లు మనల్ని కొనుక్కోమంటోందే. ధర ఎవరినైనా అడిగి న్యాయంగా చెప్తుందట. పక్కన ఎవరుంటారో తనే చూసుకోవాలట. మనింట్లో ముసలమ్మ ఉంది, చిన్నపిల్ల ఉంది, పక్కింట్లోంచి చప్పుళ్ళు వినిపిస్తాయి, అది చాలంటోంది."

అల్లుడు వచ్చి ఆవిడ చెయ్యి పట్టుకుని ఊపాడు. వాళ్ళ పద్ధతిలో అది మాట ఇచ్చిపుచ్చుకోవడం. కాగితాల మీద సంతకాలకి లాయరు దగ్గర ఒక బుధవారం ఖాయం చేశారు. ఆ రాత్రి అల్లుడు సంతోషంగా అన్నం తిన్నాడు. తిని చెయ్యి కడుక్కుంటూ, "చెక్క ఇల్లు. మనవాళ్ళకి ఫోటో ఎలా పంపను?" అన్నాడు.

"రంగేయించి పంపండి," అంది శేషు.

"రెండేళ్ళుండి అమ్మేద్దాంలే. అప్పుడు మంచి ఏరియాకి పోదాం."

"కొనకముందే అమ్మేస్తున్నారేంటి బాబూ," అన్నాను నేను. నవ్వాడు గానీ ఆ మాట వదల్లేదు.

తెనాలి సిద్ధాంతిగారు ఫోనులో ముహూర్తం చెప్పారు. కార్తీకంలో ఒకే ఒక్క రోజు కుదిరింది. శనివారం, స్థిరవారం, దివ్యంగా ఉందన్నారు. అది దాటితే ధనుర్మాసం, ఆపైన పుష్యం, మాఘం దాకా ఆగాలి. చిక్కేమిటంటే ఆ శనివారం సంతకాల బుధవారానికి ముందు పడింది. ఇంకా మనది కాని ఇంట్లో పాలు పొంగించడమేమిటని అల్లుడు మొహమాటపడ్డాడు. శేషు వెళ్ళి అడిగితే కన్సెట్టమ్మ రెండో మాట లేకుండా తాళంచెవి తీసి చేతిలో పెట్టింది. దేవుడి పని అంటే ఇవ్వకుండా ఎలా ఉంటానందట. తనూ వస్తానంది. కేకు చేసి తెస్తానంది.

పిలిచింది ఒక్క డాక్టరు రామ్మోహన్‌గారినీ, ఆయన భార్య మంగళగారినీ. పాతికేళ్ళ కిందట వచ్చి తూర్పువైపు స్థిరపడినవాళ్ళు. అల్లుడికి ఈ ఉద్యోగం చూపించింది ఆయనే కాబట్టి పిలవక తప్పలేదు. పిలిచాక పేట పేరు చెప్పకా తప్పలేదు. ఫోనులో ఆ పేరు చెప్పేటప్పుడు మా అల్లుడి గొంతు, తప్పు చేసి దొరికిన పిల్లాడి గొంతులా ఉంది.

వాళ్ళు పెద్ద కారులో వచ్చారు. మంగళగారు దిగుతూనే వీధి ఇటూ అటూ చూసి, "కారు ఇక్కడ పెడితే ఫర్వాలేదా హేమా?" అంది.

"ఏం ఫర్వాలేదు ఆంటీ. చాలా క్వయిట్ స్ట్రీట్," అన్నాడు అల్లుడు. అని తనే నాలుగుసార్లు కారువైపు చూసుకున్నాడు.

"ఫస్ట్ హోమ్‌కి ఓకేలే. అందరం ఎక్కడో ఒకచోట స్టార్ట్ చేసినవాళ్ళమే," అంది ఆవిడ. ఓదార్పు చెప్పినట్టే చెప్పింది. మా శేషు నేలచూపులు చూసింది.

కన్సెట్టమ్మ తన ఇంటి ముందు నిలబడి ఉంది. ఆదివారం చర్చికి వేసుకునే నీలం గౌను, మెడలో సిలువ, చేతుల్లో బట్ట కప్పిన కేకు పళ్ళెం. మా కార్యం చూస్తూ మేం లోపలికి రమ్మనేదాకా ఆగుదామని మర్యాదగా ఆగింది.

లోపలికి అడుగుపెట్టే ముందు గుమ్మడికాయ కొట్టాలి కదా. వియత్నాం కొట్లో మంచి బరువైన కాయ తెచ్చాం. పైన చిన్న చెక్క కోసి, లోపల కుంకుమ, పసుపు, సున్నం కలిపిన నీళ్ళు పోసి, పైన కర్పూరం వెలిగించి, అల్లుడు గుమ్మానికి ముమ్మారు తిప్పి గేటు దగ్గర నేలకేసి కొట్టాడు. సిమెంటు మీద అది భళ్ళున పగిలింది. ముక్కలు సగం ఇటు పడ్డాయి, సగం ఆవిడ దారిలో పడ్డాయి. ఎర్రనీళ్ళు ఆవిడ తెల్ల కంచె మీద చిమ్మాయి.

ఆవిడ ఉలిక్కిపడి గుండెల మీద సిలువ గుర్తు వేసుకుంది. తర్వాత తనే నవ్వుకుంది. ముందుకొచ్చి ఏమిటిదని అడిగింది. అడగడం ఎవరు అడిగినా అడుగుతారు.

అల్లుడు "ట్రెడిషన్, ట్రెడిషన్" అని ఊరుకున్నాడు. అక్కడితో అయిపోవలసింది. కానీ రామ్మోహన్‌గారికి మన ఆచారాలు తెల్లవాళ్ళకి విడమర్చి చెప్పడమంటే మహా సరదా. ఆయన ముందుకొచ్చి, ప్యాంటు జేబులో ఒక చెయ్యి పెట్టుకుని, మేష్టారిలా మొదలుపెట్టాడు. ఏం చెప్పాడో నాకు అప్పుడు తెలియదు. ఆయన వేలు మాత్రం కనిపించింది. ఆ వేలు మా ఇంటివైపు వెళ్ళింది, తర్వాత ఆవిడ ఇంటివైపు, ఆవిడ వంటింటి కిటికీవైపు, చివరికి ఆవిడవైపే వచ్చి ఆగింది. కన్సెట్టమ్మ మొహం మీద నవ్వు అలాగే ఉండి, లోపల మనిషి వెళ్ళిపోయినట్టయింది. కేకు పళ్ళెం శేషు చేతిలో పెట్టింది. ఏదో చిన్నమాట అని, పగిలిన ముక్కలు తొక్కకుండా గౌను కాస్త ఎత్తి పట్టుకుని, తన ఇంట్లోకి వెళ్ళి తలుపు వేసుకుంది.

"చూశావా హేమా, ఎంత ఇంట్రెస్ట్‌గా విన్నదో," అన్నాడు రామ్మోహన్‌గారు. "ఈ ఆస్ట్రేలియన్స్‌కి మన కల్చర్ చెప్తే చాలా ఇష్టం."

ముహూర్తం మించిపోతోందని కుడికాలు పెట్టి లోపలికి వెళ్ళాం. పాలు పొంగాయి. నేను శేషుని, "ఆవిడేదమ్మా, పిలుచుకు రా, పళ్ళూ జాకెట్టుముక్కా ఇవ్వాలి," అన్నాను.

"తర్వాత చెప్తాను," అంది. దాని మొహం పాలిపోయి ఉంది.

డాక్టరుగారి కారు వీధి మలుపు తిరిగాక చెప్పింది.

"ఇరుగుపొరుగువాళ్ళు మన ఇల్లు చూసి ఏడుస్తారని, వాళ్ళ చెడ్డ కన్ను పడకుండా ఇది కొడతామని చెప్పారమ్మా అంకుల్. ఉదాహరణకి మీరున్నారనుకోండి, ఆ కిటికీలోంచి రోజూ ఈ ఇల్లు చూస్తుంటారనుకోండి, అన్నారు."

నేను అక్కడే వంటింటి గట్టు పట్టుకుని నిలబడిపోయాను. ఎప్పుడూ అనుకోని మాట. పుట్టి బుద్ధెరిగినప్పటినుంచి ఎన్ని గుమ్మడికాయలు కొట్టడం చూశానో. దిష్టి అంటే దిష్టి, అంతే. ఎవరి దిష్టి అని ఏనాడైనా పక్కింటివాళ్ళ మొహాన అన్నామా? వాళ్ళూ కొట్టేవాళ్ళే కాబట్టి ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు. చెప్పి చూస్తే అది ఎంత చేదుమాటో ఆ పూట తెలిసింది.

"ఆవిడ అంత పట్టించుకుని ఉండదులే," అన్నాడు అల్లుడు. "వీళ్ళకి ఇవన్నీ జోకులాగా ఉంటాయి."

"జోకైతే కేకు చేతిలో పెట్టి వెళ్ళిపోతుందాండీ?" అంది శేషు.

ఆ మధ్యాహ్నం అల్లుడు బకెట్టూ బ్రష్షూ పట్టుకుని ఆవిడ కంచె కడిగాడు. కుంకుమ సున్నం మరక ఒక పట్టాన వదలదు. కొత్త పట్టుపంచె మోకాళ్ళపైకి కట్టుకుని సిమెంటు మీద కూర్చుని రుద్దుతుంటే, దారినపోయే ఒకాయన కుక్కని ఆపి చూసి, ఏదో అడిగాడు. అల్లుడు "పెయింట్" అన్నాడు. నేను నీళ్ళు పోస్తూ ఉన్నాను. తెలుపు మీద గులాబీరంగు మిగిలిపోయింది.

తాళంచెవి ఇచ్చి రావడానికి ముగ్గురం వెళ్ళాం. ఆవిడ చెక్క తలుపు తీసింది కానీ ముందున్న ఇనుప వల తలుపు తీయలేదు. ఎప్పుడూ దాన్ని తోసుకుని బయటికొచ్చే మనిషి. వలకి అటువైపు నిలబడి నెమ్మదిగా మాట్లాడింది. శేషు నాకు ఒక్కొక్క ముక్కా చెపుతూ వచ్చింది, చెపుతున్నకొద్దీ దాని గొంతు తగ్గిపోయింది.

"వాళ్ళ దేశంలోనూ దిష్టి ఉందమ్మా. పడవలకి కళ్ళ బొమ్మలు గీస్తారట, దిష్టి తగలకుండా. తనకి బాగా తెలుసట. వాళ్ళ పెద్దమ్మ కన్ను చెడ్డదని ఊళ్ళో పేరు పడిందట. పెళ్ళిళ్ళకి పిలిచేవారు కాదట. పిల్లల్ని ఆవిడ ముందునుంచి తీసుకెళ్ళేవాళ్ళు కాదట. ఆ పెద్దమ్మ చచ్చిపోయేదాకా తల దించుకునే నడిచిందట." శేషు ఇంకో మాట విని మళ్ళీ నావైపు తిరిగింది. "అది మా చెల్లెలి ఇల్లు, దాన్ని చూసుకుంటున్నాను, మీ ఇల్లు చూడలేదు అంటోంది."

నేను చేతులు జోడించాను. వలలోంచి ఆవిడకి కనిపించిందో లేదో తెలియదు.

అప్పుడు మా అల్లుడు అడగకూడని మాట అడిగాడు. తప్పు పట్టను, ఆయన గుండెలో ఉన్నది అదే. బుధవారం లాయరు దగ్గరికి వస్తారా అని అడిగాడు. ఆవిడ చాలాసేపు ఆయనవైపు చూసింది. తర్వాత తలుపు వేసేసింది. ఆ మాట అడిగినందుకు వీధిలోకి వచ్చాక శేషు భర్త మొహం చూడలేదు.

"మరేం చెయ్యమంటావు?" అన్నాడాయన. "ఇది పోతే ఇంకొకటి వస్తుందనుకుంటున్నావా? జనవరి తర్వాత నాకెవరిస్తాడు అప్పు?"

"ఇల్లు సంగతి కాదండీ."

"నాకు ఇల్లు సంగతే."

ఆదివారం రామ్మోహన్‌గారు ఫోన్ చేస్తే అల్లుడు సంగతి చెప్పాడు. అవతల ఆయన పెద్దగా నవ్వడం నాకు కూడా వినిపించింది. "అంత చిన్నమాటకేనా? నేనొచ్చి మాట్లాడతానుండు," అన్నాడట.

"వద్దంకుల్. దయచేసి మీరు ఇంకేమీ ఎక్స్‌ప్లెయిన్ చెయ్యొద్దు," అని ఫోన్ పెట్టేశాడు అల్లుడు. ఆయనతో అలా మాట్లాడటం అదే మొదలు. తర్వాత కూర్చుని చేతులు నలుపుకుంటూ ఉన్నాడు. "ఆవిడ వేరేవాళ్ళకి ఇచ్చేస్తుంది. నేనైనా అదే చేస్తాను," అన్నాడు.

సోమవారం రుచితని బడికి దింపి వస్తుంటే కిటికీలో ఆవిడ లేదు. ఖాళీ ఇంటి ముందు ఎవరిదో కారు ఉంది. కోటు వేసుకున్న కుర్రవాడు టేపు పట్టుకుని గోడలు కొలుస్తున్నాడు. ఏజెంటు అయ్యుంటాడనుకున్నాను. ఇంటికొచ్చి శేషుకి చెప్పాలా వద్దా అనుకుని, చెప్పాను. అల్లుడికి మాత్రం చెప్పొద్దని ఇద్దరం అనుకున్నాం. ఆ పూట ఆయన వంక చూడాలంటే మాకు బెరుకుగా ఉంది. ఆయనేమో తెనాలి నుంచి వాళ్ళ అన్నయ్య ఫోన్ చేస్తే, "ఇంకా చూస్తున్నాం అన్నయ్యా, తొందరేముంది," అని నవ్వుతూ చెప్పాడు.

మంగళవారం పిల్లని దింపి మళ్ళీ ఆ దారినే వచ్చాను. వేరే దారి ఉంది, చుట్టు. కానీ తప్పించుకుని పోవడం ఇంకా నామోషీగా అనిపించింది. దగ్గరికి వచ్చేసరికి ఖాళీ ఇంటి కిటికీలోంచి పొగ వస్తోంది. చెక్క ఇల్లు కదా, అంటుకుందేమో అనుకున్నాను. గేటు తోసుకుని లోపలికి వెళ్ళిపోయాను. తలుపు బార్లా తీసి ఉంది.

కన్సెట్టమ్మ ముందుగదిలో ఉంది. చేతిలో పిడి ఉన్న పాత రేకు డబ్బా. అందులో నిప్పుల మీద ఎండిన ఆలివ్ ఆకులు కమురుతున్నాయి. ఏదో ప్రార్థన గొణుక్కుంటూ, ఒక్కొక్క మూలకీ డబ్బా ఎత్తి పట్టి, కిటికీకీ తలుపుకీ పొగ పట్టి, తర్వాతి గదిలోకి నడుస్తోంది. ఎవరూ నాకు చెప్పనక్కరలేదు. మనం సాంబ్రాణి వెయ్యమూ? దిష్టి తీసే మనిషి నడక ఏ దేశంలోనైనా ఒకలాగే ఉంటుంది కాబోలు.

తన కన్ను ఈ ఇంటిమీద పడిందని మేం అనుకుంటున్నాం కాబట్టి, ఆ కన్ను తనే తీసేస్తోంది. పొరపాటున పడిందేమోనని కాదు. మేం భయపడకుండా ఉండాలని. డెబ్బై దాటిన మనిషి, సొంత చెల్లెలు బతికి పోయిన ఇంట్లో, తనే దోషమైనట్టు తన చేత్తో పొగ వేసుకుంటోంది.

నేను వెళ్ళి ఆ డబ్బా పట్టుకున్నాను. వద్దమ్మా, వద్దు తల్లీ అన్నాను. తెలుగులోనే అన్నాను, ఇంకేం వచ్చు నాకు. ఆవిడ వదల్లేదు. ఇద్దరి చేతులూ ఆ పిడి మీదే ఉండిపోయాయి. రేకు కాలుతోంది. ఆవిడ కళ్ళు ఎర్రగా ఉన్నాయి, పొగకో ఏడుపుకో తెలియదు. "నో, మమ్మా," అంది మెల్లగా. నన్ను ఎప్పుడూ అలాగే పిలిచేది. నా వేళ్ళు ఒక్కొక్కటే విడిపించి, వంటింట్లోకి నడిచింది.

నాకు బయటికి వచ్చేయాలనిపించింది. రాలేకపోయాను. ఆవిడ వెనకాలే నడిచాను. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని గదిగదికీ వెళ్ళాను. ఒక గదిలో గోడకి మంచం ఆనిన గీత ఉంది. అక్కడ ఆవిడ ఎక్కువసేపు ఆగింది. నేనూ ఆగాను. అంతా అయ్యాక పెరట్లో పంపు కింద డబ్బా బోర్లించి నీళ్ళు పోసింది. చేతులు గౌనుకి తుడుచుకుని, నావైపు తిరక్కుండా తన ఇంట్లోకి వెళ్ళిపోయింది. అంతకుముందైతే కాఫీ తాగి వెళ్ళమని చెయ్యి పట్టుకు లాగేది.

ఇంటికొచ్చి శేషుకి చెపితే అది నా ఒళ్ళో తల పెట్టుకుని కూర్చుంది. అల్లుడికి చెపితే ఆయన మొదట, "అయితే ఇస్తుందంటారా అత్తయ్యగారూ?" అన్నాడు. అన్నాక తన మాట తనకే వినిపించి, లేచి పెరట్లోకి వెళ్ళి నిలబడ్డాడు.

బుధవారం ఆవిడ వచ్చింది. అదే నీలం గౌను. కొడుకు ఫోనులో వద్దంటున్నా, టేపు పట్టుకొచ్చినవాడు ఎక్కువ వస్తుందని చెప్పినా, మాట ఇచ్చాను కాబట్టి ఇస్తున్నాను అందట. అల్లుడు కంగారులో సంతకం వంకరగా పెట్టాడు. లేచేటప్పుడు ఆవిడ శేషుతో ఒక్కమాట చెప్పింది. మెట్లు దిగాక శేషు నాకు చెప్పింది.

"నేనింక ఆ ఇంటివైపు చూడను, మీరేం భయపడకండి అందమ్మా."

జనవరి వచ్చింది. కంప్యూటర్లు ఏమీ మరిచిపోలేదు. అల్లుడి ఉద్యోగం కూడా మరో ఏడాది పొడిగించారు. అంటే అంత కంగారు పడనక్కరలేదన్నమాట, ఆ శనివారం దాటిపోయినా కొంప మునిగేది కాదన్నమాట. మేం ఆ ఇంట్లో చేరాం. గోడలకి మూలల్లో ఇంకా ఆకుల పొగవాసన ఉండేది. మా వంటింటికి ఎదురుగా ఆవిడ వంటింటి కిటికీ. దానికి గోధుమరంగు తెర దించి ఉండేది. పగలూ దించే ఉండేది. ఆ తెర వెనక దీపం వెలిగించుకుని, పట్టపగలు గిన్నెలు తోముకునేది. నీళ్ళ చప్పుడు నాకు వినిపించేది. చప్పుళ్ళు కావాలని మమ్మల్ని తెచ్చుకుంది కదా, మా చప్పుళ్ళు కూడా ఆవిడకి వినిపించి ఉంటాయి. వీధిలో ఎదురైతే తల ఊపేది. పలకరిస్తే పలికేది. కూర పట్టుకెళితే తీసుకునేది, గిన్నె కడిగి మరునాడు గేటు మీద పెట్టేది. కానీ రుచిత ఎదురొస్తే మాత్రం తల పక్కకి తిప్పుకునేది. అది చూసినప్పుడల్లా నాకు నేలలోకి కుంగిపోయినట్టుండేది. ఆ పిల్లని ఎత్తుకెళ్ళి, చూడమ్మా, కళ్ళారా చూడు, అని ఆవిడ గుమ్మంలో నిలబెట్టాలనిపించేది. ఒకసారి నిలబెట్టాను కూడా. ఆవిడ పిల్లకి చాక్లెట్ ఇచ్చింది, నేలవైపు చూస్తూనే.

ఫిబ్రవరిలో, అంటే అక్కడి వేసవిలో, డాక్టరుగారూ, మంగళగారూ టీకి వచ్చారు. అల్లుడు అప్పటికి ఇంటికి రంగు వేయించాడు, పెరట్లో రాళ్ళు పరిపించాడు. పేట పేరు చెప్పడానికి జంకు కొంచెం తగ్గింది. గదులన్నీ తిప్పి చూపించాడు. మంగళగారు వంటింట్లో నిలబడి ఎదుటి కిటికీ చూసి, "నైబర్స్ ఎలాంటివాళ్ళు హేమా? ఈ ఏరియాల్లో అదే ముఖ్యం," అంది.

"చాలా మంచివాళ్ళు ఆంటీ," అన్నాడు అల్లుడు. "అసలు మనవైపు తలెత్తి చూడరు."

శేషు టీ కప్పులు గట్టు మీద పెట్టి బయటికి వెళ్ళిపోయింది. నేను పొయ్యి వైపు తిరిగి, కాగిపోయిన పాలనే మళ్ళీ కలుపుతూ నిలబడ్డాను.